దాలమ్మకు నేను అంటగట్టిన సుగరు

ఒక మాట నా గుండెల మీద కూర్చుని ఏళ్ళు గడిచాయి. పెద్ద మాటేం కాదు. బస్సులో కిటికీలోంచి బయటికి చూస్తూ అనేశాను. అన్న తర్వాత దాన్ని మింగలేక, కక్కలేక తొమ్మిదేళ్ళు తిరిగాను. తిరిగానంటే నిజంగానే తిరిగాను. రోజూ పొద్దున్నే నలభై నిమిషాలు, చీర కింద తెల్ల బూట్లు వేసుకుని మరీ.

మీరెవరో నాకు తెలీదు. నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. ఉద్దానంలో, సముద్రానికి కాస్త ఇవతల, జీడితోటల మధ్య ఒక ఊరు అనుకోండి. ఆ ఊళ్ళో పిల్లలకు పాటలు నేర్పి, ఉప్మా వండి పెట్టే అంగన్‌వాడీ టీచరు అనుకోండి. మీకే ఎందుకు చెబుతున్నానంటే, మా ఊళ్ళో చెప్పడానికి వీల్లేదు. ఎందుకు వీల్లేదో తర్వాత చెబుతాను. ఈలోగా నవ్వొస్తే నవ్వండి. నాకూ వస్తుంది. మనిషిని మోసం చేసినవాళ్ళకు అది తలుచుకుని నవ్వే హక్కు ఉంటుందా అని నన్ను నేను అడుగుతూ ఉంటాను. జవాబు దొరక్కముందే మళ్ళీ నవ్వొచ్చేస్తుంది.

తొంభైల చివర్లో నాకు సుగరు వచ్చింది. అప్పటికి నలభై ఆరేళ్ళు. టెక్కలిలో డాక్టరు గారు మాత్రలు రాసి, "మాత్ర మింగేసి కూర్చుంటే లాభం లేదమ్మా, నడవాలి" అన్నారు. రోజూ పొద్దున్నే నలభై నిమిషాలు. చెమట పట్టాలి. పక్కవాళ్ళతో మాట్లాడగలగాలి గానీ పాట పాడలేకపోవాలి, అంత జోరుగా నడవాలి. చెప్పుల్లేకుండా అడుగు తీసి అడుగు వెయ్యకూడదు. అన్నీ తల ఊపుతూ విన్నాను. పలాసలో దిగి తెల్ల బూట్లు కొనుక్కున్నాను.

మా వైపు ఆడవాళ్ళకు నడక కొత్త కాదు. కానీ నడిస్తే నెత్తిన గంపైనా ఉండాలి, చంకన బిందైనా ఉండాలి. ఉత్త చేతులు ఊపుకుంటూ, ఏ పనీ లేకుండా, జీడితోట చివరిదాకా వెళ్ళి వెళ్ళిన దారినే తిరిగొచ్చే ఆడదాన్ని మా ఊరు అంతకుముందు చూడలేదు. "ఏటి టీచరమ్మా, ఏటైనా పారీసుకున్నావేటి, ఎతుకుతన్నావు?" అని అడిగేవారు. దానికి నేను సిగ్గుపడలేదు. నవ్వుకుని వెళ్ళిపోయేదాన్ని.

నన్ను ఇంట్లో కూర్చోబెట్టింది ఆ మాటలు కాదు. మా ఆయన అప్పటికి నాలుగేళ్ళ కిందట పోయారు. కిడ్నీ జబ్బు. మా వైపు ఆ రెండు మాటలూ అంటే ఎవరూ మూడో మాట అడగరు. పొద్దున్నే ఏదో పని మీద బయల్దేరిన మనిషికి బొట్టు లేని ఆడది ఎదురొస్తే, ఆ మనిషి వెనక్కి ఇంట్లోకి పోయి, కాసేపు కూర్చుని, గుక్కెడు నీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరతాడు. అది మా దగ్గర ఎప్పటి నుంచో ఉన్నదే. నేను మాత్రం నాకు కాదనుకున్నాను. టీచరమ్మను కదా! వాళ్ళూ పాపం నన్ను పల్లెత్తు మాట అనలేదు. నన్ను చూడగానే ఏదో మరిచిపోయినట్టు తల గోక్కుని లోపలికి పోయేవారు. నేను నడిచిన ఆ మొదటి పది రోజులూ మా వీధి మగాళ్ళు తాగినన్ని మంచినీళ్ళు నడివేసవిలో కూడా తాగి ఉండరు.

పదకొండో రోజున పెళ్ళిచూపులకు బయల్దేరిన జీపు ఒకటి నన్ను చూసి ఆగింది. అందులోంచి ఏడుగురు దిగారు. ఏడుగురూ ఇంట్లోకి పోయి, నీళ్ళు తాగొచ్చి, మళ్ళీ ఒకళ్ళ మీద ఒకళ్ళు ఎక్కి కూర్చున్నారు. అంతసేపూ నేను జీడిచెట్టు వెనక నక్కి నిలబడ్డాను. ఆ పెళ్ళికొడుకు నా దగ్గరే అ ఆలు దిద్దాడు. ఇంటికొచ్చి బూట్లు విప్పి మంచం కిందికి తోసేశాను. ఏడ్చానా? ఏడ్చాను. అయినా ఆ ఏడుగురూ లోపల చెంబు కోసం వరస కట్టి ఉంటారని తోచి మధ్యలో నవ్వాను కూడా.

ఇప్పుడు దాలమ్మ గురించి చెప్పాలి. అసలు పేరు అది కాదు. మా గోడ అవతలి మనిషి. నాకన్నా నాలుగేళ్ళు చిన్న. తోడబుట్టకపోయినా నన్ను అప్పా అనే పిలుస్తుంది, మా వైపు అక్కను అలాగే అంటారు. వాళ్ళాయన తవిటయ్య సముద్రం మీద వేటకు వెళ్తాడు. ఈవిడ రోజంతా జీడిపప్పు బట్టీలో కూర్చుని పప్పుకు పొట్టు తీస్తుంది. కూర్చున్న చోటు నుంచే ఊరంతటికీ సలహాలు చెబుతుంది. అంత గొంతు. నుదుట రూపాయి బిళ్ళంత బొట్టు. నవ్విందంటే మా వంటింట్లో పళ్ళేలు మోగేవి. మా ఆయన్ని ఆసుపత్రుల చుట్టూ తిప్పిన ఏడాదిన్నరా మా ఇంట్లో పొయ్యి వెలగకపోయినా అన్నం ఉండేదంటే, అది దాలమ్మ తెచ్చి మూత పెట్టి వెళ్ళిన అన్నమే. నేను మోసం చేసింది ఈ మనిషిని.

రెండు నెలలకు మళ్ళీ టెక్కలి వెళ్ళాలి. ఒక్కదాన్నే ఎందుకని దాలమ్మను తోడు తీసుకెళ్ళాను. గాజులు కొనుక్కోవచ్చని ఎగురుకుంటూ వచ్చింది. నాకు రక్తం తీస్తుంటే పక్కన నిలబడి, "ఇంత దూరం వొచ్చినాం, ఓపాలి నాదీ సూడమను అప్పా. నా నెత్తుట్లో ఏటున్నాదో నానూ తెలుసుకుంతాను" అంది. ఇద్దరికీ తీశారు. ఆవిడ గాజుల కొట్టుకు పోయింది. నేను కాగితాల కోసం కూర్చున్నాను.

డాక్టరు గారు నా కాగితం చూసి, "నడుస్తున్నావా?" అన్నారు. నడుస్తున్నానండి అన్నాను. మళ్ళీ కాగితం చూసి, "నడవట్లేదు" అన్నారు. ఇలాగే ఉంటే కాళ్ళకీ కళ్ళకీ కిడ్నీలకీ ఏమవుతుందో విడమరిచి చెప్పారు. కిడ్నీ అనగానే నాకు ఒళ్ళు చల్లబడింది. రెండో కాగితం చూసి, "ఈవిడకేం లేదు, గుండ్రాయిలా ఉంది" అని నవ్వి ఇచ్చేశారు.

బస్సులో దాలమ్మ కొత్త గాజులు లెక్కపెట్టుకుంటూ కూర్చుంది. నేను కిటికీ పక్కన కూర్చున్నాను. మీతో ఒక నిజం చెప్పాలి. ఏదో నోరు జారి అనేశానని ఎన్నోసార్లు నాకు నేను చెప్పుకున్నాను. అది నిజం కాదు. బస్సు ఎక్కినప్పటి నుంచీ ఆలోచిస్తూనే ఉన్నాను. ఈ బొట్టు నాకు ముందు నడిస్తే ఎవరూ ఆగరు. ఈ నవ్వు ముందు వినబడితే వెనక వచ్చేది ఎవరో ఎవరూ చూడరు. కానీ రోజంతా పని చేసి అలిసిపోయే మనిషి, ఏ జబ్బూ లేని మనిషి, ఊరికే నా కోసం రోజూ తెల్లారగట్ల లేచి వస్తుందా?

"నాదేటి రాసినారప్పా?" అంది.

"నీకూ ఉన్నాదే" అన్నాను.

"ఏటి?"

"సుగరు. కొంచెమే. మాత్రలొద్దన్నారు. నడిస్తే సరిపోద్దంట. రేపట్నుంచి ఇద్దరం ఎల్దాం."

గాజుల లెక్క ఆగిపోయింది. ఇరవై ఏళ్ళలో దాలమ్మ మాట్లాడకుండా కూర్చోవడం నేను అప్పుడే చూశాను. చాలాసేపటికి, చిన్న గొంతుతో, "బావకొచ్చినట్టు నాకూ కిడ్నీ పోద్దేటప్పా?" అంది. బావంటే మా ఆయన. నడిస్తే పోదు అన్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. ఊరొచ్చేదాకా వదల్లేదు. ఆ చెయ్యి పట్టుకున్నప్పుడైనా నేను చెప్పవచ్చు కదా? వేళాకోళం ఆడానే అంటే సరిపోయేది. నాలుగు తిట్టి నవ్వేసేది. బస్సు దిగేదాకా ఆ అవకాశం ఉంది. దిగాక కూడా కొన్నాళ్ళు ఉంది. తర్వాత లేకుండా పోయింది.

మర్నాడు నేను లేవకముందే వచ్చి తలుపు కొట్టింది. తవిటయ్య చెప్పులు వేసుకుని వచ్చింది. ఆ చెప్పులు ఆవిడ కన్నా ముందు నడుస్తున్నాయి. "నువ్వు ముందు నడువు, ఈ మసక వెలుతుర్లో నాకు దారి ఆనదు" అన్నాను. అది రెండో అబద్ధం. నా కళ్ళు శుభ్రంగా ఉన్నాయి.

ఎవరూ ఆగలేదు. ఎవరికీ దాహం వెయ్యలేదు. పైగా వారం తిరక్కముందే ఇంకో వింత జరిగింది. వేటకు వెళ్తున్న ఒకాయనకు దాలమ్మ ఎదురైందట, ఆ రోజు వల నిండా కోనాం చేపలు పడ్డాయట. అప్పటి నుంచి ఆయన దాలమ్మ ఎదురయ్యేదాకా గుమ్మంలోంచి కదిలేవాడు కాదు. ఆలస్యమైతే కేకేసి పిలిచేవాడు కూడా. దాలమ్మకు అది భలే గర్వం. బొట్టు ఇంకాస్త పెద్దది చేసింది. వెనక నేనున్నానన్న సంగతి ఊరు మరిచిపోయింది. నాక్కావలసింది కూడా అదే.

ఆ రోజులు బాగుండేవి. ఇది కూడా ఒప్పుకోవాలి. మోసంతో వచ్చిన రోజులని తెలిసినా, నా బతుకులో అంత నవ్వుకున్న రోజులు మళ్ళీ లేవు. మొదటి నెల పిక్కలు పట్టేసి బట్టీలో కూర్చున్నది లేవలేక దాలమ్మ అందరినీ తిట్టేది. రెండో నెలకు నేనే ఆవిడ వెనక పరుగెత్తాల్సి వచ్చింది. పాట పాడలేనంత వేగం ఉండాలని డాక్టరు గారు అన్నారని చెప్పాను. ఆ వేగం మాకు ఎప్పటికీ దొరకలేదు. ఎంత జోరుగా నడిచినా ఈవిడ పాట ఆగేది కాదు. పాట ఆపాలని నేను, పాడాలని ఆవిడ, ఇద్దరం పంతం పట్టి జీడితోట దాటి ఇసకలోకి పోయేవాళ్ళం. ఇసకలో నడిస్తే చెమట బాగా పడుతుంది. ఇంటికొచ్చాక ఒకరి పాదాలు ఒకరం చూసుకునేవాళ్ళం, ముల్లేమైనా గుచ్చుకుందేమోనని. ఆరు నెలలకు నా కాగితం చూసి డాక్టరు గారు, "ఇప్పుడు నడుస్తున్నావు" అన్నారు.

దాలమ్మ కాగితం ఎప్పటిలాగే గుండ్రాయి. అది చూసి ఏం చెప్పానో తెలుసా? "తగ్గిందే! నడకే తగ్గించింది. మానేస్తే మళ్ళీ వచ్చేస్తుంది" అన్నాను. ఆవిడకు ఇంగ్లీషు అంకెలు రావు. నా మాట మీద నమ్మకం తప్ప ఇంకేమీ అక్కర్లేదు ఆవిడకు. ఇలా ఆరు నెలలకోసారి తొమ్మిదేళ్ళు. కాగితం దాచే పని కూడా లేని అబద్ధం అది.

ఊళ్ళో పెద్ద పేరొచ్చింది. దాలమ్మ మాత్ర మింగకుండా సుగరును తరిమేసిందట! సుగరు ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి చేరారు. లేనివాళ్ళు కబుర్ల కోసం చేరారు. చివరికి పదకొండు మందిమయ్యాం. అందరూ నలభై దాటినవాళ్ళమే. మేం ఒక వరసలో వస్తుంటే సైకిళ్ళ మీద వాళ్ళు దిగి పక్కకు నిలబడాల్సి వచ్చేది. దాలమ్మను చూసి ఒకావిడ తన మాత్రలు మానేస్తానంటే, నేను ఆవిడ గుమ్మంలో కూర్చుని రోజూ నా కళ్ళముందే మింగించాను. ఆవిడ నన్ను ఎంత మంచిదాన్నని మెచ్చుకుందో! 

మరి దాలమ్మకు ఏం పోయింది? నడిచింది, మంచిదే కదా? ఈ ప్రశ్న నేను నాకు అనుకూలంగా చాలాసార్లు అడుక్కున్నాను. ఏం పోయిందో చెబుతాను.

మొదటిది పనసపండు. ఉద్దానం మనిషికి పనసపండు వద్దనడం ఎంత కష్టమో మా వైపు వాళ్ళకు చెప్పక్కర్లేదు. దాలమ్మ చేతికి నూనె రాసుకుని కాయ కోసి, తొనలు ఒలిచి, అందరికీ పంచి, పిక్కలు మాత్రం తను దాచుకునేది. ఒకటి తింటే ఏం కాదులే అని నేనంటే, "నన్ను సంపీడానికా?" అనేది. టీలో పంచదార మానేసింది. అది చూసి తవిటయ్య కూడా మానేశాడు. వేట నుంచి వణుక్కుంటూ వచ్చిన మనిషి చేదు టీ తాగుతూ, "దానికి నేని పంచదార నాకెందుకు టీచరమ్మా" అన్నాడు నాతో. నేను అబద్ధం చెప్పింది ఒక్కరికే. దాన్ని మింగింది ఇద్దరు.

రెండోది చెప్పడానికి నాకు నోరు రావడం లేదు.

మూడో ఏడు అనుకుంటాను. వాళ్ళమ్మాయిని కోటబొమ్మాళి వైపు ఇచ్చారు. ఆ పిల్లకు నెలలు నిండుతున్నాయి. ఒక మధ్యాహ్నం పిల్లలంతా వెళ్ళిపోయాక దాలమ్మ అంగన్‌వాడీకి వచ్చి తలుపు దగ్గరకు వేసింది. "అప్పా, ఒక కాయితం రాసిపెట్టు. నానుండగా ఇవ్వొద్దు. పోయినాక మా గుంటకియ్యి" అంది. గుంటంటే కూతురు. సుగరున్నవాళ్ళకు ఎప్పుడేమవుతుందో తెలీదని బట్టీలో ఎవరో అన్నారట. నేను కలం తీశాను. ఆవిడ చెప్పింది, నేను రాశాను. మీ నాన్నకు చేపల పులుసులో మామిడికాయ పడకపోతే అన్నం దిగదు. అత్త మీద నోరు పారేసుకోకు, పారేసుకుంటే మాత్రం మధ్యలో ఆపకు. నా ఎర్ర కోక నా మీద కప్పి పాడుచెయ్యొద్దు, కొత్తది, నువ్వు కట్టుకో. ఆడపిల్ల పుడితే నా పేరు పెట్టొద్దు, ఆ పేరు నాకే బాగోలేదు. అన్నీ ఇలాంటివే. ఇద్దరం ఏడుస్తూనే నవ్వాం. చివర్లో ఆవిడ, "అప్ప మాట ఇను. అప్ప నా పేణం కాసినాది, అని రాయి" అంది.

రాశాను. కలం ఆగలేదు. అక్షరం వంకర కూడా పోలేదు. ఆ రోజు నేను నోరు తెరిచాను. నిజంగా తెరిచాను. ఏం అడ్డొచ్చింది? ఇన్నాళ్ళ అబద్ధం అనే సిగ్గా? ఈ మనిషి నాకు దూరమైపోతుందన్న భయమా? లేక రేపు పొద్దున్న మళ్ళీ ఒక్కదాన్నే వీధిలోకి వెళ్ళాలన్న బెంగా? మూడోదే అని నాకు అనుమానం. చెప్పుకోవడానికి ఎంత చిన్న కారణమో చూడండి. ఆ కాగితం మడిచి పిల్లల హాజరు పుస్తకాల కింద పెట్టాను. రోజూ ఆ పుస్తకం తీసినప్పుడల్లా అది కింద ఉందని తెలుస్తూనే ఉండేది.

ఆ తర్వాత ఆరేళ్ళు గడిచాయి. ఆడపిల్లే పుట్టింది, పేరు మాత్రం దాలమ్మది పెట్టలేదు. ఒక వేసవిలో ఆ పిల్ల అమ్మమ్మ ఇంటికొచ్చి, నాలుగు రోజులు మా అంగన్‌వాడీలో మిగతా పిల్లలతో ఆడుకుంది. ఎవరిదో పుట్టినరోజని చాక్లెట్లు పంచుతుంటే ఈ పిల్ల చెయ్యి వెనక్కి పెట్టేసుకుంది. తీసుకోమ్మా అన్నాను. "మా అమ్మమ్మకి సుగరు. అమ్మకీ వత్తాదంట, నాకూ వత్తాదంట. మా ఇంట్లో మేం తినం" అంది. ఎంతో బుద్ధిగా అంది. పక్క పిల్లలు తింటుంటే చూస్తూ కూర్చుంది.

నేను చెప్పిన మాటకు అప్పటికి మూడు తరాలు వచ్చేశాయి. ఆ రాత్రి నేనేం తినలేదు. రేపు చెప్పాలి అనుకున్నాను. అలా అంతకుముందు కూడా వందసార్లు అనుకున్నాను గానీ ఈసారి తెల్లారేసరికి ఆ మాట నా నోట్లోనే ఉంది.

జీడితోట మలుపులో మిగతావాళ్ళను ముందు పోనిచ్చి దాలమ్మ చెయ్యి పట్టుకుని ఆపాను. నిలబడి చెప్పాను. బస్సు సంగతి చెప్పాను. జీపు సంగతీ, జీడిచెట్టు వెనక నక్కిన సంగతీ చెప్పాను. దారి ఆనకపోవడం కూడా అబద్ధమే అని చెప్పాను. ఆవిడ మొదట నవ్వింది, వేళాకోళం అనుకుని. తర్వాత నా ముఖం చూసింది.

"అయితే ఆ కాయితంలో ఏటున్నాది?"

"ఏం లేదు. నీకేం లేదు. ఎప్పుడూ లేదు."

"తొమ్మిది పనసకాలాలప్పా!" అంది. అని, వెంటనే ఇంకేదో గుర్తొచ్చినట్టు ఆగిపోయింది. "మరి నాను రాయించినాను కదా. నా పేణం కాసినావని. నువ్వే కదా రాసినావు."

"నేనే రాశాను."

"రాత్తన్నప్పుడు నీకు తెలుసు."

"తెలుసు."

తిట్టలేదు. నేను తిట్ల కోసం నిలబడ్డాను, మీరు నమ్ముతారో లేదో, ఆశగా నిలబడ్డాను. ఆవిడ వెనక్కి తిరిగి ఇంటికి వెళ్ళిపోయింది. ఆ మధ్యాహ్నం గోడ అవతల నుంచి పనసపండు కోసిన వాసన వచ్చింది. తవిటయ్య గొంతు వినబడింది, మనవరాలి కేరింత వినబడింది. దాలమ్మ నవ్వు వినబడుతుందేమోనని సాయంత్రం దాకా గోడ దగ్గరే తచ్చాడాను. వినబడలేదు.

ఎనిమిది రోజులు రాలేదు. కాళ్ళు నొప్పులని మిగతావాళ్ళకు చెప్పిందట. మేం పది మందిమి నడిచాం. పాట లేదు. డాక్టరు గారు చెప్పిన వేగం ఆ ఎనిమిది రోజులూ సరిగ్గా కుదిరింది.

తొమ్మిదో రోజు తలుపు కొట్టింది. బొట్టు అదే, చెప్పులు అవే. గుమ్మంలోనే నిలబడి, "ఒక్కటే అడుగుతాను. తోడు రమ్మని నోరిప్పి ఎందుకడగనేదు?" అంది.

"రావేమో అనుకున్నాను" అన్నాను.

"ఏడాదిన్నర అన్నం తెచ్చినదాన్ని. నడవడానికి రానేటి?"

తొమ్మిదేళ్ళుగా నన్ను నేను అడుగుతున్న ప్రశ్నల్లో ఇది లేదు. అబద్ధం ఎందుకు చెప్పానని అడుక్కున్నాను. నిజం ఎందుకు చెప్పలేదని అడుక్కున్నాను. అసలు అడిగితే ఏమయ్యేది అని ఒక్కనాడూ అనుకోలేదు. వచ్చేది. తిట్టుకుంటూ, ఆవలిస్తూ, పనసతొన నములుతూ వచ్చేది. ఆ రోజు బస్సులో, "నాకు భయంగా ఉందే, నన్ను చూసి ఆగిపోతున్నారే" అని ఒక్క ముక్క అంటే చాలు. ఆ ముక్క అనడం కన్నా ఆవిడకు ఒక జబ్బు అంటగట్టడం నాకు తేలికగా అనిపించింది.

నేను బూట్లు తొడుక్కున్నాను. "నీ కోసం రానేదు. నడక నాది, నాను మానను" అంది. వీధిలోకి వచ్చాక ఆగి, చేత్తో నన్ను ముందుకు తోసింది. "ఇయాల్టి నుంచి నువ్వు ముందు నడు. నీ ఎనక నానుంతాను." అప్పటి నుంచీ నేనే ముందు నడుస్తున్నాను. మొదటి రోజు ఇద్దరు ముగ్గురు ఆగారు, ఇప్పటికీ ఎవరో ఒకరు ఆగుతారు. ఆగితే ఆగనీ అని వెనక నుంచి కేక. అది శిక్షో, మరింకేమిటో నాకు తెలీదు. అడిగితే చెప్పదు.

ఊళ్ళో అందరికీ చెప్పేస్తానని ఒకసారి అన్నాను. "నోరు మూసుకో. ఈ తొమ్మిది మందీ నన్ను సూసి నడత్తన్నారు. అబద్ధమని తెలిస్తే రేపు ఒక్కరూ మంచం దిగరు. నీ మనసు తేలికవడానికి ఆళ్ళ కాళ్ళు విరగ్గొడతావా?" అంది. వాళ్ళమ్మాయికి మాత్రం తనే చెప్పుకుంది, ఏమని చెప్పుకుందో నాకు తెలీదు. మనవరాలు ఇప్పుడు చాక్లెట్లు తింటోంది. హాజరు పుస్తకాల కింద కాగితం ఆవిడే అడిగి తీసుకుపోయింది.

మేం ఇప్పటికీ కలిసే నడుస్తాం. పాట మళ్ళీ మొదలైంది, నవ్వూ వచ్చింది. ఆరు నెలలకోసారి టెక్కలి కూడా వెళ్తాం, బస్సులో పక్కపక్కనే కూర్చుంటాం. కానీ కాగితాలు వచ్చినప్పుడు దాలమ్మ తనది తనే తీసుకుంటుంది. నేను చెయ్యి చాపితే కొంగులో పెట్టేసుకుంటుంది. లోపలికి వెళ్ళి డాక్టరు గారి చేత చదివించుకుంటుంది. అంతసేపూ నేను బయట బెంచీ మీద కూర్చుంటాను.

క్షమించానని ఆవిడ అనలేదు. నేను అడగలేదు, అడిగే ముఖం లేదు. ఊళ్ళో చెప్పొద్దంది. మీకు చెప్పొద్దని అనలేదు. అందుకని మీకు చెబుతున్నాను. దాలమ్మకు సుగరు లేదు. ఏనాడూ లేదు. ఒంటరిగా వీధిలో నడవడానికి నాకు భయం వేసింది, తోడు రమ్మని అడగడం నాకు చేతకాలేదు. ఇంతే సంగతి. చెప్పేశాను.